కాంబో చార్ట్ చేసుకోవడం ఎలా, ఆ కుడివైపు యాక్సిస్‌తో జాగ్రత్త ఎందుకు

షీట్‌లో ఒక కాలమ్ నిండా వేలల్లో అంకెలు, పక్క కాలమ్‌లో శాతాలు, రెండూ అవే నెలలవి. ఈ రెంటినీ కలిపి మామూలు చార్ట్ పెట్టారనుకోండి, వేలల్లో ఉన్నవి నిటారుగా లేస్తాయి, శాతాలు మాత్రం కింద గీతకి అతుక్కుపోయి అసలు ఉన్నాయో లేవో కూడా తెలీదు. ఇలాంటప్పుడు ఒకదాన్ని బార్లుగా, ఇంకోదాన్ని లైన్‌గా పెట్టి, ఆ లైన్‌కి కుడివైపు వేరే స్కేల్ ఇస్తే రెండూ చక్కగా కనిపిస్తాయి, దాన్నే కాంబో చార్ట్ అంటారు. చేయడం నిజంగా రెండు నిమిషాల పని. కానీ ఆ కుడివైపు స్కేల్ ఉంది చూశారూ, సాఫ్ట్‌వేర్ ఎలా ఇస్తే అలా వదిలేస్తే చూసేవాళ్ళకి అది లేని కథ చెప్పేస్తుంది, అందుకే బటన్ల సంగతి గబగబా కానిచ్చేసి ఆ స్కేల్ దగ్గర కాసేపు ఆగుదాం.

ఇంకో విషయం, ఎక్సెల్ మెనూలో నిలువుగా లేచేవాటిని కాలమ్ అనీ, అడ్డంగా సాగేవాటిని బార్ అనీ పిలుస్తారు. షీట్‌లో కూడా కాలమ్సే ఉన్నాయి కాబట్టి గందరగోళం లేకుండా, ఇక్కడ నేను చార్ట్‌లో నిలువుగా లేచేవాటినే బార్లు అంటున్నా.

ముందు టేబుల్ సరిచేసుకోండి

చార్ట్ అడ్డదిడ్డంగా వచ్చిందంటే చాలాసార్లు తప్పు చార్ట్‌లో ఉండదు, టేబుల్‌లో ఉంటుంది. మొదటి కాలమ్‌లో నెలలో, విభాగాల పేర్లో ఉండాలి, పక్కన ఒక్కో కొలతకి ఒక్కో కాలమ్, పైన ఒకే వరస హెడింగులు. మధ్యలో ఖాళీ వరసలు వద్దు, మెర్జ్ చేసిన సెల్స్ అసలే వద్దు. కింద మీరు వేసుకున్న మొత్తం వరసని సెలెక్ట్ చేయొద్దు, అది కూడా వస్తే చివర్న ఒక బార్ ఆకాశంలోకి లేచి మిగతావన్నీ చితికిపోతాయి. అంకె పక్కన మాట కూడా టైప్ చేసేసి ఉంటే, అంటే సెల్‌లో 4000 మంది అని ఉంటే, అది ఎక్సెల్ లెక్కలో అంకె కాదు టెక్స్ట్, దాని బార్ సున్నా దగ్గరే ఉండిపోతుంది.

సంవత్సరాలు ఉన్న టేబుల్‌కి ఇంకో చిక్కుంది. 2019, 2020, 2021 ఇవి కూడా అంకెలే కదా, కాబట్టి ఎక్సెల్ వాటిని లేబుల్స్ అనుకోకుండా ఇంకో సిరీస్, అంటే చార్ట్‌లో గీయాల్సిన ఇంకో వరస అంకెలు అనుకుని వాటికీ బార్లు లేపేస్తుంది, రెండు వేల ఎత్తున వరసగా ఒకే సైజు బార్లు కనపడితే సంగతి అదే అన్నమాట. సులువైన ఉపాయం ఏంటంటే టేబుల్‌లో ఎడమ పైమూల సెల్, అంటే సంవత్సరం అని హెడింగ్ పెట్టిన సెల్ ఖాళీగా ఉంచి చార్ట్ పెట్టడం, చార్ట్ వచ్చేశాక ఆ హెడింగ్ మళ్ళీ రాసుకోవచ్చు. ఇప్పటికే చార్ట్ పెట్టేసి ఉంటే దానిమీద రైట్ క్లిక్ చేసి సెలెక్ట్ డేటాలోకి వెళ్ళి, ఆ సంవత్సరాల సిరీస్‌ని ఎడమవైపు లిస్ట్‌లోంచి తీసేసి, కుడివైపు లేబుల్స్ దగ్గర ఎడిట్ నొక్కి సంవత్సరాలున్న సెల్స్ చూపిస్తే సరి.

ఇప్పుడొక ఉదాహరణ పెట్టుకుందాం, చివరిదాకా ఇదే వాడదాం. ఒక వెబ్‌సైట్‌కి నెలనెలా ఎంతమంది వచ్చారు, వాళ్ళలో ఎంత శాతం రిజిస్టర్ అయ్యారు అనేది టేబుల్ అనుకోండి, ఇవి అర్థం కావడానికి నేను వేసిన అంకెలు.

జనవరి: 4,000 మంది, 6.0 శాతం
ఫిబ్రవరి: 4,600 మంది, 5.5 శాతం
మార్చి: 5,200 మంది, 5.1 శాతం
ఏప్రిల్: 5,000 మంది, 5.3 శాతం
మే: 6,100 మంది, 4.4 శాతం
జూన్: 7,000 మంది, 4.0 శాతం

ఎక్సెల్‌లో

హెడింగులతో సహా మొత్తం టేబుల్ సెలెక్ట్ చేసి ఇన్సర్ట్ ట్యాబ్‌లోకి వెళ్ళండి. చార్ట్స్ గ్రూప్‌లో బార్లు, వాటిమీద లైన్ గీసిన చిన్న ఐకాన్ ఒకటి ఉంటుంది, అదే కాంబో, 2013 వెర్షన్ నుంచి ఇది విడిగా ఇచ్చారు. దాన్ని నొక్కితే రెడీమేడ్‌వి కొన్ని కనిపిస్తాయి, వాటిని వదిలేసి అన్నిటికన్నా కింద ఉన్న క్రియేట్ కస్టమ్ కాంబో చార్ట్ నొక్కమంటాను నేను, ఎందుకంటే అక్కడ మొత్తం మీ చేతిలో ఉంటుంది. ఒక విండో తెరుచుకుంటుంది, దాని కింది భాగంలో మీ సిరీస్‌లన్నీ వరసగా ఉంటాయి, ఒక్కోదాని పక్కన అది ఏ రకంగా కనపడాలో ఎంచుకునే డబ్బా, దాని పక్కన సెకండరీ యాక్సిస్, అంటే మనం చెప్పుకున్న కుడివైపు స్కేల్, అనే టిక్ బాక్స్. వచ్చినవాళ్ళకి క్లస్టర్డ్ కాలమ్ పెట్టండి, శాతానికి లైన్ విత్ మార్కర్స్ పెట్టి సెకండరీ యాక్సిస్ టిక్ చేయండి, పైన ప్రివ్యూలో వెంటనే మారిపోతుంది, ఓకే కొట్టండి. అయిపోయింది.

ఆల్రెడీ చేసిన మామూలు చార్ట్ ఉంటే మళ్ళీ మొదట్నించి చేయక్కర్లేదు, ఏదో ఒక బార్‌మీద రైట్ క్లిక్ చేసి చేంజ్ సిరీస్ చార్ట్ టైప్ అంటే అదే విండో వస్తుంది. 2010, 2007 వాడేవాళ్ళకి ఈ విండో ఉండదు, వాళ్ళు ఒక్కో సిరీస్‌ని విడిగా పట్టుకుని రకం మార్చి, తర్వాత ఫార్మాట్ డేటా సిరీస్‌లోకి వెళ్ళి సెకండరీ యాక్సిస్ పెట్టుకోవాలి. ఇక్కడే అందరూ ఇరుక్కునేది, శాతాల సిరీస్ నేలకి అంటుకుని ఉంటే దాన్ని మౌస్‌తో ఎలా పట్టుకుంటారు? చార్ట్ సెలెక్ట్ చేశాక ఫార్మాట్ ట్యాబ్‌లో ఎడమ చివర ఒక చిన్న డ్రాప్‌డౌన్ ఉంటుంది, చార్ట్‌లో ఉన్న ప్రతి భాగం పేరూ అందులో ఉంటుంది, శాతాల సిరీస్‌ని అక్కడ ఎంచుకుని కంట్రోల్ 1 కొడితే దాని సెట్టింగ్స్ తెరుచుకుంటాయి. కొత్త వెర్షన్లలో కూడా ఈ డ్రాప్‌డౌన్ చాలా పనికొస్తుంది, చార్ట్‌లో చేతికి చిక్కనిది ఏదైనా ఉంటే అక్కడికే వెళ్ళండి.

అన్ని రకాలనీ కలపడం కుదరదు. త్రీడీ చార్ట్‌లు వేరేవాటితో కలవవు, బబుల్, స్టాక్, సర్ఫేస్ కూడా అంతే. 2016లో వచ్చిన కొత్త రకాలు, అంటే హిస్టోగ్రామ్, వాటర్‌ఫాల్, ట్రీమ్యాప్ లాంటివి కూడా దేనితోనూ జతకావు. అడ్డంగా సాగే బార్లతో లైన్ కలిపినా సరిగా రాదు, బార్లు పక్కకి సాగుతుంటే లైన్ తన విలువని పైకీ కిందకీ చూపిస్తుంటుంది, రెండూ రెండు దిక్కులు. నిలువు బార్లు, లైన్, ఏరియా, ఈ మూడు తెలిస్తే చాలా పనులు అయిపోతాయి.

గూగుల్ షీట్స్‌లో

టేబుల్ సెలెక్ట్ చేసి ఇన్సర్ట్‌లో చార్ట్ నొక్కితే కుడివైపు చార్ట్ ఎడిటర్ వస్తుంది. సెటప్ ట్యాబ్‌లో చార్ట్ టైప్ కాంబో అని మార్చండి. ఇక్కడ ఆగిపోతే లైన్ వస్తుంది గానీ ఎడమ స్కేల్ మీదే ఉంటుంది, కింద పాకుతూ. కస్టమైజ్ ట్యాబ్‌లోకి వెళ్ళి సిరీస్ విభాగం తెరవండి, అక్కడ పైన అప్లై టు ఆల్ సిరీస్ అని ఉంటుంది, దాన్ని మార్చి శాతాల సిరీస్‌ని ఎంచుకున్నాకే మిగతావి ముట్టుకోండి, లేకపోతే మీరు మార్చింది అన్నిటికీ అంటుకుంటుంది. అక్కడే యాక్సిస్ దగ్గర రైట్ యాక్సిస్ పెడితే లైన్ పైకి లేస్తుంది, ఆ సిరీస్ బార్లుగా ఉండాలా, లైనా, ఏరియానా అన్నది కూడా అక్కడే. కుడి యాక్సిస్ వచ్చాక దాని మినిమం మాక్సిమం పెట్టుకోడానికి కస్టమైజ్‌లోనే ఇంకో విభాగం కొత్తగా కనిపిస్తుంది.

లిబ్రే ఆఫీస్ క్యాల్క్ వాడేవాళ్ళకి చార్ట్ విజార్డ్‌లోనే కాలమ్ అండ్ లైన్ అనే రకం ఉంది, ఎన్ని లైన్లు కావాలో అక్కడే అంకె ఇవ్వాలి, టేబుల్‌లో చివర ఉన్న సిరీస్‌లు లైన్లుగా మారతాయి, కాబట్టి లైన్ కావాల్సిన కాలమ్‌ని కుడి చివర ఉంచుకోండి. తర్వాత చార్ట్‌మీద డబుల్ క్లిక్ చేసి, లైన్‌మీద రైట్ క్లిక్, ఫార్మాట్ డేటా సిరీస్, ఆప్షన్స్‌లో సెకండరీ వై యాక్సిస్.

కుడివైపు యాక్సిస్

అసలు కథ ఇక్కడుంది. మన ఉదాహరణ చార్ట్ తీసుకోండి, ఎడమవైపు 0 నుంచి 8,000 దాకా ఉంది అనుకుందాం. కుడివైపు 0 నుంచి 8 శాతం దాకా పెడితే జనవరిలో లైన్ బార్ కన్నా చాలా పైన ఉంటుంది, మార్చి దగ్గరికొచ్చేసరికి బార్ లైన్‌ని దాటేస్తుంది. మీటింగ్‌లో ఎవరో ఒకరు కచ్చితంగా అడుగుతారు, మార్చిలో ఏం జరిగింది అని. ఇప్పుడు అవే అంకెలు, ఏమీ మార్చకుండా, కుడివైపు మాక్సిమం 6 శాతం చేయండి. మార్చి, ఏప్రిల్ రెండు నెలల్లోనూ లైన్ పైనే ఉంటుంది, దాటడం మేలో జరుగుతుంది. 16 శాతం చేయండి, అసలు దాటడమే ఉండదు, జనవరి నుంచే లైన్ బార్ల లోపల ఉంటుంది. మార్చిలో ఏం జరిగింది అంటే ఏమీ జరగలేదు, స్కేల్ 8 దగ్గర ఆగింది, అంతే. రెండు వేరే వేరే యాక్సిస్‌ల మీద ఉన్నవి ఎక్కడ కలిశాయి, ఎక్కడ దాటాయి అన్నదానికి దానంతట అది ఏ అర్థమూ ఉండదు, ఇది ఒక్కటి గుర్తుంటే కాంబో చార్ట్ చదవడమూ వస్తుంది, చేయడమూ వస్తుంది.

దాటడానికి నిజంగా అర్థం ఉన్న చార్ట్‌లు లేకపోలేదు. వాతావరణం గురించి చదువుకున్నవాళ్ళు వాల్టర్ లీత్ డయాగ్రమ్ చూసే ఉంటారు, నెలనెలా వర్షపాతం ఒక స్కేల్ మీద, ఉష్ణోగ్రత ఇంకో స్కేల్ మీద. అందులో 10 డిగ్రీల సెల్సియస్ ఎంత ఎత్తులో ఉంటే 20 మిల్లీమీటర్ల వర్షం కూడా సరిగ్గా అంతే ఎత్తులో ఉండాలి, ప్రపంచంలో ఏ ఊరికి గీసినా ఇదే లెక్క. అందుకే వర్షం గీత ఉష్ణోగ్రత గీత కిందికి పడిపోతే అది పొడి కాలం అని చదువుతారు, ఒక ఊరి బొమ్మని ఇంకో ఊరి బొమ్మ పక్కన పెట్టి పోలుస్తారు. స్కేల్ ముందే ఒక నియమంతో కట్టేశారు కాబట్టి అక్కడ దాటడం అనేది సమాచారం. మన చార్ట్‌లో అలాంటి నియమం ఏదీ లేదు, కాబట్టి కనీసం ఆ దాటడం చూసేవాళ్ళ కంట్లో పడకుండా చూసుకోవాలి. నేనైతే లైన్ మొత్తం బార్ల తలలకన్నా పైనే ఉండేలా పెట్టుకుంటా, ఎడమ మాక్సిమం బాగా పెంచేస్తే బార్లు కింద సగంలో సర్దుకుంటాయి, లైన్ పైసగంలో విడిగా నడుస్తుంది, ఎవరికీ తప్పు ప్రశ్న రాదు. మన అంకెలకి ఎడమ 16,000, కుడి 8 శాతం పెట్టి చూడండి, తేడా కళ్ళకి కట్టినట్టు తెలుస్తుంది.

మాక్సిమం మార్చడం ఎలా అంటే యాక్సిస్ మీద ఉన్న అంకెల మీద డబుల్ క్లిక్ చేస్తే ఫార్మాట్ యాక్సిస్ తెరుచుకుంటుంది, బౌండ్స్ దగ్గర మినిమం, మాక్సిమం, యూనిట్స్ దగ్గర మేజర్. ఇక్కడ ఇంకో పని కూడా కానిచ్చేయండి. ఎక్సెల్‌ని దాని మానాన వదిలేస్తే ఎడమవైపు 8 గడులు, కుడివైపు 7 గడులు వచ్చే అవకాశం ఉంది, అప్పుడు వెనక ఉన్న గ్రిడ్ గీతలు ఎడమ అంకెలకే సరిపోతాయి, కుడివైపు 5 శాతం అనేది రెండు గీతల మధ్య ఎక్కడో వేలాడుతుంది. రెండు వైపులా గడుల సంఖ్య ఒకటే ఉండేలా పెట్టండి, ఎడమ 16,000ని 4,000 చొప్పున విడగొడితే 4 గడులు, కుడి 8 శాతాన్ని 2 చొప్పున విడగొడితే అక్కడా 4, ఒకే గీత రెండు వైపులకీ పనికొస్తుంది.

బార్లు ఉన్న యాక్సిస్ సున్నా నుంచే మొదలవ్వాలి, ఇందులో బేరం లేదు. బార్‌ని మనం దాని పొడవుతో చదువుతాం, 3,000 నుంచి మొదలుపెడితే జనవరి బార్ 1,000 పొడవు, జూన్ బార్ 4,000 పొడవు, అంటే నాలుగు రెట్లు పెరిగినట్టు కనిపిస్తుంది, నిజానికి రెట్టింపు కూడా కాలేదు. లైన్‌కి ఆ నియమం లేదు, దాన్ని ఎగుడుదిగుళ్ళతో చదువుతాం కాబట్టి అవసరమైతే సున్నాకి పైనుంచి మొదలుపెట్టొచ్చు, కానీ 3.5 నుంచి 6 దాకా మాత్రమే చూపిస్తే మన శాతం కుప్పకూలిపోయినట్టు కనపడుతుంది, చూసేవాళ్ళు కంగారు పడతారు. ఆ కంగారు అవసరమా కాదా అన్నది మీరే ముందు ఆలోచించుకోండి.

నష్టాలు, తగ్గుదలలు ఉన్న టేబుల్ అయితే, అంటే మైనస్ అంకెలు ఉంటే, రెండు సున్నాలూ ఒకే ఎత్తులో ఉండవు, ఎడమ సున్నా ఒకచోట, కుడి సున్నా ఇంకోచోట, లైన్ సున్నా పైనుందో కిందుందో ఎవరికీ అర్థం కాదు. దీనికి నిష్పత్తి పాటించాలి, ఎడమ మైనస్ 20 నుంచి 100 అయితే కుడి మైనస్ 10 శాతం నుంచి 50 శాతం, రెండు వైపులా మైనస్ భాగం మొత్తంలో ఆరో వంతే కాబట్టి సున్నాలు ఒకే గీత మీదకి వస్తాయి. నెలల పేర్లు మధ్యలో బార్లతో కలిసిపోతుంటే కింది యాక్సిస్ సెట్టింగ్స్‌లో లేబుల్ పొజిషన్ దగ్గర Low అని పెట్టండి, అడుగుకి దిగుతాయి.

అసలు రెండో యాక్సిస్ కావాలా అని కూడా ఒకసారి అడగండి

ఇది చెప్పకుండా ముందుకెళ్ళలేను. మన టేబుల్‌లో వచ్చినవాళ్ళు పెరుగుతున్నారు, శాతం పడిపోతోంది, కాంబో చార్ట్ చూస్తే ఏదో పెద్ద ప్రమాదం జరుగుతున్నట్టు ఉంది. రిజిస్టర్ అయిన మనుషుల్ని లెక్కేయండి, జనవరిలో 240, జూన్‌లో 280. తగ్గలేదు, కొంచెం పెరిగారు. కొత్తగా వస్తున్నవాళ్ళలో చూసి వెళ్ళిపోయేవాళ్ళు ఎక్కువయ్యారు, అందుకని శాతం తగ్గింది. ఈ విషయం చెప్పాలనుకుంటే శాతం లైన్ కన్నా రిజిస్టర్ అయినవాళ్ళ సంఖ్యే ఒక్క సిరీస్‌గా పెడితే సూటిగా ఉంటుంది.

బార్లు, లైన్ కలిపిన చార్ట్ చాలా పాతది. బార్ చార్ట్, లైన్ చార్ట్ అనేవి మనకిచ్చిన విలియం ప్లేఫెయిర్ 1821లో ఒకటి గీశాడు, గోధుమల ధర బార్లుగా, పనివాడి వారం కూలి లైన్‌గా, రెండున్నర శతాబ్దాల లెక్క. గోధుమలు కూలితో పోల్చుకుంటే ఎన్నడూ లేనంత చవకయ్యాయి అని చెప్పడం ఆయన ఉద్దేశం. కానీ చార్ట్‌లో కంటికి కొట్టేవి ఎగసిపడే ధర బార్లే, కూలి లైన్ అడుగున నెమ్మదిగా పాకుతుంటుంది. అంత గోధుమ కొనడానికి ఎన్ని వారాల కూలి కావాలి అని భాగహారం చేసి ఆ ఒక్క లైన్ గీసుంటే ఆయన చెప్పాలనుకున్నది ఒక్క చూపులో అర్థమయ్యేది. కాబట్టి రెండు సిరీస్‌ల మధ్య సంబంధమే మీ విషయం అయితే, షీట్‌లో ఇంకో కాలమ్ వేసి ఆ నిష్పత్తి లెక్కగట్టి దాన్నే చూపించండి. రెండింటి పెరుగుదల పోల్చాలి అంటే మొదటి నెలని 100 అనుకుని మిగతా నెలల్ని దానితో లెక్కేస్తే రెండు లైన్లూ ఒకే యాక్సిస్ మీదకి వస్తాయి. మూడు రకాల యూనిట్లు ఉంటే ఎక్సెల్‌లో మూడో నిలువు యాక్సిస్ ఉండదు, అప్పుడు ఒకదాని కింద ఒకటి రెండు చార్ట్‌లు పెట్టడమే మేలు.

రెండో యాక్సిస్ లేకుండానే కాంబో అద్భుతంగా పనిచేసే చోట్లు కూడా ఉన్నాయి, నాకు ఎక్కువ ఇష్టమైనవి ఇవే.

ఒకటి టార్గెట్ గీత. షీట్‌లో టార్గెట్ అని కాలమ్ వేసి అన్ని వరసల్లో ఒకటే అంకె, మన ఉదాహరణకి 5,500 అనుకోండి, దాన్ని లైన్‌గా పెట్టి అదే ఎడమ యాక్సిస్ మీద ఉంచండి. పొరపాటున కూడా సెకండరీ టిక్ చేయొద్దు, చేస్తే గీత వేరే ఎత్తుకి పోయి టార్గెట్ అందుకున్న నెలలు అందుకోనట్టు కనిపిస్తాయి. ఆ గీత మొదటి బార్ మధ్యలోంచి మొదలై చివరి బార్ మధ్యలో ఆగిపోతుంది, అంచుల దాకా వెళ్ళదు, చాలామందికి ఇది నచ్చదు. దానికి ఆ టార్గెట్ లైన్‌మీద రైట్ క్లిక్ చేసి యాడ్ ట్రెండ్‌లైన్ పెట్టి, లీనియర్ ఉంచి, ఫోర్‌కాస్ట్ దగ్గర ఫార్వర్డ్ 0.5, బ్యాక్‌వర్డ్ 0.5 ఇవ్వండి, గీత రెండు పక్కలా సగం గడి సాగి అంచులకి తగులుతుంది, అసలు లైన్‌కి నో లైన్ పెట్టేయండి.

విభాగానికో టార్గెట్ ఉంటే లైన్ పెట్టకండి. నెలలకి ఒక వరస ఉంది కాబట్టి ఒక నెల నుంచి ఇంకో నెలకి గీత గీస్తే అర్థం ఉంది, ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి గీత గీస్తే ఆ మధ్య వాలులో ఏముంది? ఏమీ లేదు. కాబట్టి లైన్ విత్ మార్కర్స్ పెట్టి, లైన్ తీసేసి, మార్కర్ రకాల్లో అడ్డగీత లాంటిది ఎంచుకుని సైజ్ పెంచండి, ప్రతి బార్ మీదా దాని టార్గెట్ ఒక చిన్న అడ్డగీతలా కూర్చుంటుంది.

ఇంకోటి స్టాక్డ్ బార్ల మీద మొత్తం చూపించడం. ఒకదానిమీద ఒకటి పేర్చిన బార్లలో ప్రతి ముక్కకీ లేబుల్ పెట్టొచ్చు గానీ పైన మొత్తం ఎంతో చూపించే ఆప్షన్ ఎక్సెల్‌లో లేదు. మొత్తం అనే కాలమ్ షీట్‌లో వేసి చార్ట్‌లోకి తీసుకురండి, కాంబో విండోలో దాన్ని మాత్రం లైన్ చేయండి, లైన్ సరిగ్గా ప్రతి బార్ తలమీదుగా వెళ్తుంది. దానికి డేటా లేబుల్స్ పెట్టి పొజిషన్ అబవ్ ఇవ్వండి, తర్వాత లైన్‌కి నో లైన్, లెజెండ్‌లో, అంటే ఏ రంగు దేనిదో చెప్పే చోట, మొత్తం అన్న పేరుని రెండుసార్లు నెమ్మదిగా క్లిక్ చేసి డిలీట్. చూసేవాళ్ళకి బార్ పైన అంకె మాత్రమే కనిపిస్తుంది.

పారెటో చార్ట్ కూడా కాంబోనే. ఇటలీ ఎకనామిస్ట్ విల్ఫ్రెడో పారెటో పేరుమీద జోసెఫ్ జురాన్ పెట్టిన పేరు, కొద్ది కారణాల నుంచే ఎక్కువ సమస్యలు వస్తాయి అనే ఆలోచన. 2016 నుంచి ఎక్సెల్‌లో రెడీమేడ్‌గా ఉంది గానీ దాన్ని మార్చుకునే వీలు తక్కువ, చేత్తో చేసుకోవడమే బాగుంటుంది. ఫిర్యాదుల రకాలు, వాటి సంఖ్య రాసుకుని పెద్దది పైన ఉండేలా సార్ట్ చేయండి, పక్క కాలమ్‌లో పైనుంచి ఆ వరస దాకా కూడికని మొత్తంతో భాగించండి, ఫార్ములాలో కూడిక మొదటి సెల్‌కీ, భాగించే మొత్తం సెల్‌కీ డాలర్ గుర్తులు పెట్టి కట్టేయాలి, కూడిక రెండో సెల్‌ని వదిలేయాలి, అప్పుడే కిందికి లాగుతుంటే కూడిక పెరుగుతూ పోతుంది. సంఖ్య బార్లుగా, ఈ కూడిక శాతం లైన్‌గా సెకండరీ మీద, మాక్సిమం 100 శాతం. దాన్ని చేత్తో పెట్టాలి, లేకపోతే 120 శాతం దాకా చూపిస్తుంది, 120 శాతం ఫిర్యాదులు అనేవి లేవు కదా. ఎడమ మాక్సిమం కూడా మొత్తం ఫిర్యాదుల సంఖ్యకి సమానంగా పెడితే రెండు స్కేళ్ళూ ఒకే లెక్కకి వస్తాయి, మొదటి బార్ తల మీదే లైన్ మొదలవుతుంది, ఇలాంటప్పుడు రెండు యాక్సిస్‌లు ఉన్నా ఏ అబద్ధమూ ఉండదు.

మామూలుగా వచ్చే చిక్కులు

రెండు సిరీస్‌లనీ బార్లుగానే పెట్టి ఒకదాన్ని సెకండరీకి పంపితే పక్కపక్కన నిలబడవు, ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి, వెనకది కనపడదు. సెకండరీ మీద ఉన్నది ఎప్పుడూ ముందు ఉంటుంది, కాబట్టి దాని గ్యాప్ విడ్త్, అంటే బార్ల మధ్య ఖాళీ, బాగా పెంచితే సన్నబడి వెనకది కనిపిస్తుంది, కానీ నా సలహా ఏంటంటే ఒకదాన్ని లైన్ చేసేయండి. ఇదే కారణానికి బార్లని సెకండరీ మీద, లైన్‌ని ప్రైమరీ మీద ఎప్పుడూ పెట్టొద్దు, బార్లు ముందుకొచ్చి లైన్‌ని కప్పేస్తాయి.

లైన్ మధ్యలో ఒక్కసారిగా సున్నాకి పడి లేస్తుంటే ఆ నెల అంకె ఇంకా రాలేదని ఎవరో 0 టైప్ చేసి ఉంటారు, లేదా ఫార్ములా ఖాళీ టెక్స్ట్ ఇస్తోంది. నిజంగా ఖాళీగా ఉన్న సెల్ అయితే సెలెక్ట్ డేటాలో హిడెన్ అండ్ ఎంప్టీ సెల్స్ దగ్గర ఖాళీ వదలాలా, కలిపి గీయాలా అని చెప్పొచ్చు. ఫార్ములా అయితే ఖాళీ టెక్స్ట్ బదులు ఎన్ఏ ఫంక్షన్, అంటే NA(), వాడండి, అక్కడ చుక్క పెట్టకుండా దాటేస్తుంది.

బార్లు దారపు పోగుల్లా సన్నగా వచ్చాయంటే మొదటి కాలమ్‌లో తేదీలున్నాయి, ఎక్సెల్ వాటి మధ్య రోజులన్నిటికీ చోటు వదులుతోంది. కింది యాక్సిస్ సెట్టింగ్స్‌లో టెక్స్ట్ యాక్సిస్ ఎంచుకుంటే మామూలవుతాయి.

చివరగా, ఏ అంకెలు ఏ స్కేల్‌వో తెలిసేలా రెండు యాక్సిస్‌లకీ టైటిల్స్ పెట్టండి, చార్ట్ పక్కన ప్లస్ గుర్తులో యాక్సిస్ టైటిల్స్ ఉంటాయి. కుడివైపు అంకెల రంగు లైన్ రంగే ఉంచితే ఇంకా మంచిది, లెజెండ్ వెతుక్కోకుండానే ఇది దానిదీ అని తెలిసిపోతుంది. బార్లకి లేత బూడిద రంగు, లైన్‌కి ముదురు రంగు ఇస్తే బ్లాక్ అండ్ వైట్ ప్రింట్‌లో కూడా తేడా పోదు, ఎరుపు ఆకుపచ్చ జత మాత్రం వాడొద్దు, ఆ రెండు రంగుల తేడా తెలియనివాళ్ళు చాలామంది ఉంటారు.

నెలనెలా ఇదే చార్ట్ కావాలంటే టేబుల్‌లో ఎక్కడో ఒకచోట క్లిక్ చేసి కంట్రోల్ టీ కొట్టి దాన్ని ఎక్సెల్ టేబుల్‌గా మార్చేయండి, కింద జూలై వరస రాయగానే చార్ట్ దానంతట అదే సాగుతుంది. ఇంకో షీట్‌లో కూడా ఇదే రూపం కావాలంటే చార్ట్ మీద రైట్ క్లిక్ చేసి సేవ్ యాజ్ టెంప్లేట్, తర్వాత చేంజ్ చార్ట్ టైప్ విండోలో టెంప్లేట్స్‌లో దొరుకుతుంది. అయితే మాక్సిమం మనం చేత్తో కట్టేశాం కాబట్టి డేటా పెరిగినా అది పెరగదు, అంకె దాన్ని దాటిన నెలలో బార్ పైన నరికేసినట్టు ఆగిపోతుంది, కాబట్టి కొత్త వరస రాసినప్పుడల్లా రెండు యాక్సిస్‌ల పై అంకెలూ ఒకసారి చూసి, మార్చాల్సి వస్తే రెండింటినీ కలిపే మార్చండి.